శంఖము – ప్రాణి, పాంచజన్యము



శంఖములో పోస్తేగాని తీర్థము కాదని మన పెద్దల సామెత. నిత్యార్చనలో మనము తాకే ఆ శంఖము ఏ ప్రాణిదో నేడు విచారించుకొందాము.

శంఖము శిల కాదు, మనుష్యుడు మలచినదీ కాదు. సముద్రపు అడుగున ఇసుకలో చరించే పెద్ద నత్త తన రక్షణకై కట్టుకొన్న గృహమది. శాస్త్రజ్ఞులు దానిని టర్బినెల్లా పైరమ్ అంటారు. మన్నారు సింధుశాఖ దానికి ప్రసిద్ధ నివాసము. అది శాకాహారి కాదు; ఇసుకలోని పురుగులను వేటాడి భక్షిస్తుంది. దాని పిల్లలు గ్రుడ్డుసంచి నుండి ప్రాకుతూనే వెలువడి ఆ చుట్టుపట్లనే పెరుగుతాయి. తూత్తుకుడి తీరమున ఈతగాండ్రు ఊపిరి బిగబట్టి మునిగి ఈ శంఖములను తెచ్చేవారు. లోని మాంసమును తొలగించిన పిదపనే అది పూజకు అర్హమవుతుంది.

భాగవత దశమస్కంధము చెప్పినదీ ఇదే. సాందీపని గురుదక్షిణగా మృతపుత్రుని కోరగా రామకృష్ణులు ప్రభాసమునకు వెళ్లారు. శంఖరూపమున తిరిగే పంచజనుడు బాలుని హరించెనని సముద్రుడు విన్నవించాడు. స్వామి ఆ అసురుని సంహరించాడు. ఉదరమున బాలుడు లేడు. స్వామి ఆ శంఖమును గైకొని సంయమనీపురమున పూరించాడు. ఆ నాదము విని యముడు ఎదురువచ్చి పూజించి, బాలుని అప్పగించాడు. అపహరించుట తప్ప వేరెరుగని దేహము, లోపల శూన్యమై స్వామి పెదవిని చేరగానే పాంచజన్యమైనది. మనలోని అహంకారమనే ప్రాణి తొలగనిదే మన నోట భగవన్నాదము పలుకదు.

ఇక ఆచరణ విషయము. నీరు జారే కొన పైకి, నోరు మనవైపు ఉండునట్లు పట్టుకొన్నప్పుడు ఆ నోరు కుడిప్రక్కన ఉంటే అది దక్షిణావర్తము. అది మిక్కిలి అరుదు. అమెరికా తీరపు వేరొక జాతి నత్తకు ఈ త్రిప్పు సహజము. దాని గుల్లనే దక్షిణావర్తమని అమ్ముచున్నారు. నిజమైన శంఖమునకు నోటిలోపలి స్తంభముపై మూడు నాలుగు మడతలుంటాయి, దానికి ఉండవు. సిరి కలుగునని నమ్మి, అప్పుచేసి ఆ గుల్లను కొన్న గృహస్థులను మేమెరుగుదుము. లక్ష్మి అనుగ్రహము అంగడిలో దొరకదు. ధర్మార్జనలో, దానములో ఉన్నది.

తాతలనాటి శంఖము ఇంట ఉన్నవారు వేరొకటి కొననక్కరలేదు. ప్రతి శంఖము వెనుక ఒక ప్రాణమున్నది. దానినే శుద్ధిచేసి, వాడి, బిడ్డలకు అప్పగించండి. తీర్థము పోయునప్పుడు స్వామితోపాటు, తన ఇంటిని విడిచిపోయిన ఆ జీవిని ఒక్క క్షణము స్మరించండి.

స్వస్తి.