ఒకే రికార్డు రూము – ఇద్దరు అధికారులు

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడవలసిన వేదిక మీద కంప్యూటరు సంగతి ఎందుకని కొందరు అనుకోవచ్చు. కారణం ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. అందువల్ల మనలో చాలామంది పాత కంప్యూటర్లను షాపుకిచ్చి కొత్త సిస్టమ్ వేయించుకుంటున్నారు. లోపల ఏ వస్తువు ఎవరి అధీనంలో ఉంటుందో తెలియకుండా ఈ పని చేయిస్తే మనవల ఫోటోలు, పెన్షన్ కాగితాల స్కాన్లు పోయే ప్రమాదం ఉంది.

నేను ఇంజనీరును కాను. ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కనుక మన ఆఫీసు భాషలోనే చెబుతాను.

ప్రతి కంప్యూటరులోనూ ఇద్దరు అధికారులు ఉంటారు. మొదటివారు ఫర్మ్‌వేర్. పాత రోజుల్లో బయోస్ అనేవారు, ఇప్పటి యంత్రాల్లో యూఈఎఫ్ఐ అంటున్నారు. స్విచ్ వేయగానే ముందు మేల్కొని మెమరీ, కీబోర్డు, డిస్కు సరిగా ఉన్నాయో లేదో తనిఖీ చేసేది వీరే. రెండోవారు ఆపరేటింగ్ సిస్టమ్. అది విండోస్ కావచ్చు, లినక్స్ కావచ్చు. తనిఖీ ముగిశాక మొదటివారు రెండోవారికి ఛార్జి అప్పగిస్తారు. ఛార్జి ఇచ్చాక బదిలీ మీద వెళ్ళిపోతారా అంటే, వెళ్ళరు. ఆఫీసులోనే ఒక మూల కూర్చుంటారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది.

ఇద్దరికీ కాగితాలు దాచుకునే చోటు కావాలి. ఉన్న చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి డిస్కు. పాత బయోస్ డిస్కులోని మొదటి 512 బైట్లు చదివి, అక్కడ రాసి ఉన్న ఆదేశం ప్రకారం నడుచుకునేది. ఇప్పుడు డిస్కులో ఒక చిన్న భాగాన్ని ప్రత్యేకంగా కేటాయిస్తున్నారు. విండోస్ వేసినప్పుడు అది సాధారణంగా 100 మెగాబైట్లు, లేదా కొంత ఎక్కువ ఉంటుంది. అందులో విండోస్ రాసి పెట్టినదాన్ని ఫర్మ్‌వేర్ చదువుతుంది. అంటే ఇద్దరికీ తెలిసిన లిపిలో రాసిన ఛార్జి రిజిస్టరు అన్నమాట.

రెండోది మదర్‌బోర్డు మీద ఉండే ఫ్లాష్ చిప్. చాలా యంత్రాల్లో దాని సామర్థ్యం 16 లేదా 32 మెగాబైట్లు. ఫర్మ్‌వేర్ ఉండే ఇల్లే అది. బూట్ వరుస, సెట్టింగులు, సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లు కూడా అందులోనే ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా అందులో అప్పుడప్పుడు రాయవలసిన అవసరం పడుతుంది. ఉదాహరణకు 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్లకు 2026 జూన్ నుంచి గడువు తీరేలా తేదీలు వేశారు. మన లైఫ్ సర్టిఫికెట్ లాగే వాటినీ కొత్తవి చేయాలి. కొత్తవి తెచ్చేది విండోస్, వాటిని లోపల భద్రపరిచేది ఫర్మ్‌వేర్.

మరి ఇద్దరూ నేరుగా రాసుకుంటే ఏం? ఫ్లాష్ చిప్‌లో ఒక పద్దు కొట్టివేసి పక్కన రాయడం కుదరదు. ఒక పూర్తి భాగాన్ని చెరిపి మళ్ళీ రాయాలి. ఒకరు చెరిపిన సమయంలో రెండోవారు చెయ్యి పెడితే రికార్డు గల్లంతే. అందుకే నియమం పెట్టారు. రికార్డు రూము తాళం ఫర్మ్‌వేర్ దగ్గరే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్ రిక్విజిషన్ స్లిప్పు పంపాలి. తీసి ఇచ్చేది, పెట్టేది రికార్డు కీపరే.

ఈ ఏర్పాటు ఎక్కడ తప్పినా ఏమవుతుందో రెండు ఉదాహరణలు చూడండి. 2013లో కొన్ని సామ్‌సంగ్ లాప్‌టాప్‌లలో ఆ నిల్వ చోటు దాదాపు నిండిపోతే యంత్రం మళ్ళీ బూట్ కాలేదు. స్లిప్పులు సక్రమంగానే వచ్చాయి, లోపం రికార్డు కీపరుది. ఆ తరువాత లినక్స్ వారు కొంత చోటు ఎప్పుడూ ఖాళీగా వదిలేలా జాగ్రత్త తీసుకున్నారు. 2017లో ఉబుంటు 17.10 వచ్చినప్పుడు, ఆ చిప్‌ను నేరుగా తాకే ఒక డ్రైవరు వల్ల కొన్ని లెనోవో తదితర లాప్‌టాప్‌లలో బయోస్ సెట్టింగులు సేవ్ కావడం ఆగిపోయింది. డిసెంబరులో ఆ డౌన్‌లోడును ఆపి, 2018 జనవరిలో సరిచేసిన కూర్పును విడుదల చేశారు. ఈసారి స్లిప్పు లేకుండా లోపలికి వెళ్ళింది రెండోవారు.

ఇద్దరూ పంచుకునేది ఇంకొకటి ఉంది, గడియారం. 1984లో వచ్చిన ఐబిఎం పీసీ ఏటీలో గడియారపు చిప్‌లోనే 64 బైట్ల చోటు ఉండేది. సమయం, సెట్టింగులు అందులోనే. కరెంటు లేనప్పుడు దాన్ని బ్యాటరీ నిలిపేది. ఇప్పటికీ డెస్క్‌టాప్‌లలో గడియారాన్ని నడిపేది రూపాయి బిళ్ళంత బ్యాటరీయే. మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారి కంప్యూటరులో తేదీ ఏళ్ళ వెనక్కి పోయింది. తేదీ తప్పు కావడంతో ఏ సైటు సర్టిఫికెట్టూ చెల్లలేదు, బ్యాంకు సైటు తెరుచుకోలేదు. ఒక షాపులో బోర్డు పోయిందన్నారు. చివరికి మార్చింది ఆ చిన్న బ్యాటరీ ఒక్కటే.

కనుక మిత్రులకు నా మనవి నాలుగు మాటలు.

ఒకటి: యంత్రాన్ని షాపుకిచ్చే ముందు ఫైళ్ళ కాపీ వేరే డిస్కులో పెట్టుకోండి.

రెండు: విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెన్షన్ పుస్తకంతో పాటు దాచండి. ఫర్మ్‌వేర్‌లో మార్పు జరిగితే ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే మన ఫైళ్ళు మనకే దక్కవు.

మూడు: బయోస్ అప్‌డేట్ జరుగుతున్నప్పుడు కరెంటు పోకూడదు. లాప్‌టాప్ అయితే ఛార్జరు పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి.

నాలుగు: "ఎందుకూ పనికిరాని చిన్న పార్టిషన్ ఉంది, తీసేయమంటారా?" అని ఎవరైనా అడిగితే, ముందు అదేమిటో చెప్పమనండి. అది ఛార్జి రిజిస్టరే కావచ్చు.

సర్వీసులో మనం ఛార్జి రిపోర్టు మీద సంతకం చేసే ముందు ఒక్కొక్క వస్తువూ లెక్క చూసుకున్నాం. ఇంట్లో ఉన్న ఈ యంత్రం విషయంలోనూ ఆ అలవాటు మానవద్దని కోరుతున్నాను.