సముద్రగర్భంలో లాంతరు చేప



1942లో కాలిఫోర్నియా తీరాన అమెరికా శాస్త్రజ్ఞులు ధ్వని తరంగాలతో సముద్రాన్ని పరీక్షిస్తుండగా, అసలు అడుగుకు ఎంతో పైననే మరొక అడుగు ఉన్నట్లు ప్రతిధ్వని వినవచ్చింది. ఆ పొర చీకటి పడగానే పైకి లేచి, తెల్లవారేసరికి దిగిపోతున్నదని 1945లో గుర్తించారు. అది నేల కాదు, ప్రాణిసమూహం. అందులో ప్రధానమైన వాటిలో ఒకటి లాంతరు చేప.

వీటిలో సుమారు 250 జాతులున్నవి. అరేబియా సముద్రంలోనూ, బంగాళాఖాతంలోనూ ఉన్నవి. అధిక భాగం జానెడుకు మించవు. పొట్ట వెంబడి వరుసగా చిన్న చిన్న కాంతి అవయవాలుంటాయి. పైనుంచి పడే మసక వెలుతురులో తన నీడ క్రింది శత్రువుకు కనబడకుండా ఆ కాంతి కాపాడుతుంది.

పగలు వందల మీటర్ల లోతున ఉండి, రాత్రి పైకి వచ్చి నీటిలో తేలియాడే చిన్న జీవులను తిని మరల దిగుతుంది. ఆ ఆహారంలోని కర్బనం కొంత లోతులకు చేరుతుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరగకుండా అది తోడ్పడుతుంది. ట్యూనా చేపలకు, కొన్ని పెంగ్విన్‌లకు ఇది ఒక ఆహారం.

మధ్య లోతుల చేపల బరువు 100 కోట్ల టన్నులని పూర్వపు అంచనా. అది 1000 కోట్ల టన్నుల వరకు ఉండవచ్చునని 2014లో ప్రకటించారు. దానితో చేపపొడికీ, నూనెకూ వీటిని పట్టాలన్న ఆలోచన బలపడింది. లెక్కలోనే పదింతల తేడా ఉన్నప్పుడు, ముందు పట్టి తరువాత లెక్కించడం వివేకం కాదు. వల కంటె ముందు విజ్ఞానం అక్కడికి చేరవలెను.