నిరుద్యోగ భృతికి మొదటి అర్జీ

 

పని యిమ్మని యడుగుట పల్లెలకు క్రొత్త కాదు. తెల్లవారకమునుపే కూలివాడు రైతు ముంగిట నిలిచి యడుగుచునే వచ్చినాడు. పని చూపలేకపోయినందుకు భృతి యిమ్మని ప్రభుత్వము నడుగుట మాత్రము మిక్కిలి క్రొత్త. ఆ రెండవ మాట అనవలసి వచ్చినపుడు ఎంత ధైర్యశాలికైనను నోరు పెగలదు, యాచించుచున్నట్లు తోచును. అది యాచన కాదని చట్టము పలికినను, ఆ సంగతి కూలివాని చెవి కెక్కుటకు చాలకాలము పట్టినది.

బ్రిటనులో 1911లో జాతీయ బీమా చట్టము వచ్చెను. కొన్ని పరిశ్రమలలోని కార్మికులు, యజమానులు, ప్రభుత్వము కలిసి ధనము కూర్చిరి. 1913 జనవరి నుండి పని పోయినవారికి వారమునకు 7 షిల్లింగుల చొప్పున ముట్టినది. అచ్చట కార్మికునకు యజమాని కలడు, బీమా పుస్తకము కలదు. పని పోయినదనుటకు సాక్ష్యము కలదు. ఊరూర నాట్లకును కోతలకును తిరుగు కూలిదానికి యజమాని యెవరు? ఆమెకు నేడు పని లేదని వ్రాసి యిచ్చువా రెవరు?

ఈ చిక్కును 2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము వేరొక విధముగా విప్పినది. 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకము ప్రారంభమైనది. జనులు దానిని ‘కరువు పని’ యనియే పిలిచిరి. కుటుంబమునకు ఏడాదికి 100 దినముల పని హామీ యుండెను. పని కోరినవాని అర్జీయే అతనికి పని లేదనుటకు సాక్ష్యమాయెను. అర్జీ యిచ్చిన 15 దినములలో పని చూపనిచో భృతి చెల్లింపవలసియుండెను: మొదటి 30 దినములకు కూలిలో నాలుగవ వంతునకు తగ్గకుండ, ఆపైన సగమునకు తగ్గకుండ. కూలి 200 రూపాయలనుకొన్నచో తొలుత రోజునకు 50, పిమ్మట 100.

ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే ఆ 15 దినములు ఏనాటి నుండి లెక్కింపవలసియుండెను? అర్జీ అందిన తేదీ నుండి. ఆ తేదీని తెలుపునది రసీదు. రసీదు లేని అర్జీ గాలిలో కలిసిన మాట వంటిది. చదువురాని స్త్రీ పంచాయతీ కార్యాలయమునకు పోయి నోటిమాటగా పని యడిగినది. ‘వచ్చే వారము చూతము’ అనిరి. ఆమె యింటికి మరలినది. నెల గడచినను కాగితముల లెక్కలో ఆమె పని యడుగనే లేదు!

రసీదు వ్రాయుటకు ఉద్యోగి చేయి యేల ఆడలేదు? చట్టములోనే ఒక కారణము కలదు. నైపుణ్యము లేని పనికి కూలి ధనము కేంద్రము భరించెను. పని చూపనందుకు చెల్లించు భృతి మాత్రము రాష్ట్రము నెత్తిన పడెను. రాష్ట్రము వెంటనే పని చూపవలెనని పెట్టిన ముల్లుగర్ర యది. కాని ఆ ముల్లు గ్రుచ్చుకొనకుండ తప్పించుకొనుటకు రసీదు నీయకుండుటే సులభోపాయమైనది. తేదీ వేసిన రసీదు తప్పక యీయవలెనని చట్టపు రెండవ షెడ్యూలు స్పష్టముగా విధించియుండెను. ఉద్యోగి అది మరచినను, అడుగువాడు మరువరాదు గదా!

కనుక తొలిసారి అర్జీ పెట్టువారు ఒంటరిగా పోకుండుట మేలయ్యెను. పలువురు కలిసి ఒకే అర్జీ యిచ్చుటకు చట్టము సమ్మతించినది. ఎన్ని దినముల పని, ఏ తేదీ నుండి యని వ్రాయవలసియుండెను. వరుసగా 14 దినములకు తక్కువ కాకూడదను నియమముండెను. పంచాయతీ తీసికొననిచో మండలములోని కార్యక్రమాధికారి కీయ వీలుండెను. చూపిన పనికి 15 దినములలో పోనివారికి మూడు నెలలు భృతి లేకుండెను.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టమునకు మారుగా 125 దినముల హామీతో వేరొక చట్టమును ఆమోదించినది. దాని నియమములు గ్రంథాలయపు బల్లమీద నుండవలెను. సాయంకాలము పత్రిక చదువ వచ్చు యువకులు చదువురాని పొరుగువారికి అర్జీ రెండు ప్రతులుగా వ్రాసి పెట్టవచ్చును; ఒకటి కార్యాలయమునకు, రెండవది తేదీ, ముద్ర వేయించుకొని ఇంటికి.