కడుపులో పురుగులు, బాక్టీరియా – జగర్గుండా దారిలో నేర్చుకున్న పాఠం

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను డాక్టర్ని కాను. ఇంటర్మీడియట్ చదివి 1988లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరాను, 2016లో సుబేదారుగా రిటైరయ్యాను. ఎం.ఐ. రూములో చూసింది, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది, నేను చేసిన ఒక తప్పు – ఈ మూడే ఈ రోజు మీ ముందు పెడతాను.

రిటైరయ్యాక బస్తర్‌లో రోడ్డు పని జరిగే చోట ఫస్ట్ ఎయిడ్ చూసే ఉద్యోగానికి వెళ్ళాను. దోర్నపాల్ నుంచి జగర్గుండాకు 56 కిలోమీటర్ల దారి. 2005 తర్వాతి గొడవల్లో జగర్గుండా ఏళ్ళ తరబడి బయటి ప్రపంచంతో తెగిపోయింది. సరుకులు కూడా బలగాల కాపలాతోనే వెళ్ళేవి. మా కూలీలు రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. మరుగుదొడ్లు చాలవు. తెల్లారితే షెడ్డు వెనక తుప్పల్లోకి పోవడమే, అదీ చెప్పుల్లేకుండా.

ఖమ్మం వైపు కుర్రాడొకడు వచ్చి, "సారూ, కడుపు నొప్పి, విరేచనాలు" అన్నాడు. నా చెయ్యి అలవాటుగా మెట్రోనిడజోల్ డబ్బా మీదికి పోయింది. తగ్గింది. రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఇచ్చాను. మూడోసారి నన్ను అడక్కుండా వాడే కొనుక్కుని మింగాడు. ఒకరోజు తట్ట ఎత్తలేక కూలబడ్డాడు. కింది రెప్ప తిప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఆస్పత్రిలో మల పరీక్ష చేస్తే అమీబా లేదు, కొంకిపురుగుల గుడ్లు ఉన్నాయి. హిమోగ్లోబిన్ ఆరుకు పడిపోయింది. "పరీక్ష లేకుండా మూడు కోర్సులా?" అని డాక్టరుగారు అడిగితే తల దించుకున్నాను.

మెట్రోనిడజోల్ అమీబాను, జియార్డియాను చంపుతుంది, కొంకిపురుగును ఏమీ చెయ్యదు. పైగా పేగులో గాలి లేని చోట బతికే మంచి బాక్టీరియాను కూడా చంపుతుంది. అంటే నేను శత్రువును వదిలేసి మన పికెట్ మీదే ఫైరింగ్ చేయించానన్నమాట.

మన పేగులో కోట్లాది బాక్టీరియా ఉంటాయి. అరగని పీచును అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు తయారుచేస్తాయి, బయటి క్రిములకు చోటివ్వకుండా పహరా కాస్తాయి. పురుగులకూ వీటికీ మధ్య రాకపోకలు చాలా ఉన్నాయి. 2010లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ఎలుకల్లో ఒక సంగతి చూపించారు. కొరడాపురుగు గుడ్డు పేగులోని బాక్టీరియా తగిలితేనే బాగా పొదుగుతుందట! అమీబాకైతే బాక్టీరియాయే తిండి. 2012లో ఢిల్లీ పరిశోధకులు అమీబా సోకిన మన దేశపు రోగులను పరీక్షిస్తే, లాక్టోబాసిల్లస్ లాంటి కొన్ని బాక్టీరియా తగ్గిపోయి కనిపించాయి.

ఇంకో వింత ఉంది. 2016లో ప్రచురించిన పరిశోధనలో, పేగువాపు వచ్చే రకం ఎలుకలకు పురుగులు ఎక్కిస్తే పేగులో జిగురు పెరిగి, చెరుపు చేసే ఒక బాక్టీరియా తగ్గింది. మలేసియా గిరిజనులకు పురుగుల మందు ఇచ్చాక వాళ్ళ బాక్టీరియా పొందిక కూడా మారింది. ఇది విని "అయితే పురుగులు మంచివేనా?" అని ఒక మిత్రుడు అడిగాడు. కాదు బాబూ! అది పరిశోధకులు తేల్చుకోవలసిన సంగతి. కొంకిపురుగు రక్తం తాగుతుంది. మా కుర్రాడు పురుగుల మందు ఆల్బెండజోల్, ఐరన్ మాత్రలు వాడాకే లేచి నిలబడ్డాడు.

అందుకని నా మనవి ఇది. విరేచనం కాగానే జేబులోని మాత్ర మింగకండి. ముందు ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గానీ ఓ.ఆర్.ఎస్. గానీ తాగండి. రక్తం పడినా, జ్వరం వచ్చినా, మళ్ళీ మళ్ళీ అవుతున్నా మల పరీక్ష చేయించండి. డాక్టరు రాసిన కోర్సు మధ్యలో ఆపకండి, మిగిలినవి పక్కవాడికి పంచకండి. నీళ్ళు మరిగించి తాగండి. మామూలు మోతాదు క్లోరినుకు అమీబా, జియార్డియా తిత్తులు సులువుగా చావవు. కొంకిపురుగు పిల్ల పాదం చర్మంలోంచే లోపలికి దూరుతుంది, కనుక చెప్పులు, బూట్లు తప్పనిసరి. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల దినాన బడిలో, అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర మీ పిల్లలకు మాన్పించకండి.

ఆ కుర్రాడు నెలన్నరకు పనిలోకి వచ్చాడు. నన్ను చూసి, "సారూ, ఈసారి డబ్బా ఇవ్వకండి, సీసా ఇవ్వండి, పరీక్షకు పట్టుకెళ్తా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సెలవు. జై హింద్.