కేంద్రకాన్ని కొలిచే మ్యూయాన్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సైన్సు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు. లెక్కకూ కొలతకూ పొంతన కుదరనప్పుడు ఏం చేయాలి? ఈ ఒక్క ప్రశ్న మీదనే మాట్లాడదలచాము.

పరమాణువు మధ్య కేంద్రకము, చుట్టూ ఎలక్ట్రానులు ఉంటాయని పిల్లలు బడిలో చదివినదే. మ్యూయాన్ కూడా ఎలక్ట్రాను వంటిదే. విద్యుదావేశం అంతే గాని బరువు సుమారు 207 రెట్లు. 1936లో ఆండర్సన్, నెడర్‌మేయర్ అను శాస్త్రజ్ఞులు విశ్వకిరణాలలో దీనిని కనుగొన్నారు. సెకనును పది లక్షల భాగాలు చేస్తే, దీని ఆయుష్షు అందులో రెండు భాగాలకు కాస్త ఎక్కువ, అంతే. ఆ వ్యవధిలోనే ఇది పరమాణువులో చిక్కి, ఒక్కొక్క శక్తి స్థాయి దిగుతూ ఎక్స్‌కిరణాలను వెలువరిస్తుంది. బరువైనది గనుక కేంద్రకానికి ఎలక్ట్రానుకన్నా సుమారు 200 రెట్లు దగ్గరగా వస్తుంది.

సీసము సంగతి చూడండి. కేంద్రకం ఒక చుక్క అనుకొని లెక్క వేస్తే, మ్యూయాన్ చివరి మెట్టు దిగేటప్పుడు సుమారు 16 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి రావాలి. 1953లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఫిచ్, రెయిన్‌వాటర్ కొలిస్తే 6 మాత్రమే వచ్చింది! ఎందుకని? అక్కడ మ్యూయాన్ చాలా సేపు కేంద్రకం లోపలే తిరుగుతుంది. గుంపుకు బయట ఉన్నవాడిని అందరూ ఒకవైపుకే లాగుతారు. నడుమ చేరినవాడిని నాలుగు వైపులా లాగితే లాగుడు తగ్గిపోదా? ఇదీ అంతే. ఆ తగ్గుదలను బట్టి, కేంద్రకాలు అంతవరకు అనుకున్న దానికన్నా చిన్నవని తేలింది.

2010లో స్విట్జర్లాండులోని పాల్ షెరర్ సంస్థలో హైడ్రోజన్‌తో ఈ పని చేశారు. ప్రోటాను వ్యాసార్ధం 0.84 ఫెర్మీ అని వచ్చింది. అప్పటికి అందరూ ఒప్పుకున్నది 0.877. సెంటీమీటరును పది లక్షల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఫెర్మీ. అంత సూక్ష్మమైన చోట నూటికి నాలుగు తేడా!

జమాఖర్చులో నూటికి నాలుగు రూపాయలు తేడా వస్తే మంచి గుమాస్తా దిద్ది సరిపెట్టడు, మొదటి నుంచి కూడుకుంటూ వస్తాడు. శాస్త్రజ్ఞులూ అదే చేశారు. 2018లో ప్యారిస్ వారి కొలత పాత విలువకే దగ్గరగా వచ్చింది. 2019లో టొరంటోలోని యార్క్ విశ్వవిద్యాలయం వారు మామూలు హైడ్రోజన్‌తోనే కొలిస్తే 0.83 వచ్చింది. నేడు మొగ్గు చిన్న విలువ వైపే ఉంది.

మరో చిక్కు కూడా ఉంది. కేంద్రకం గట్టి గోళీ కాదు, మ్యూయాన్ లాగుడుకు అదీ కొంచెం సాగుతుంది. భార హైడ్రోజన్ కేంద్రకాన్ని మ్యూయాన్‌తో కొలిచిన ఫలితం 2016లో వెలువడింది. అక్కడ కొలతకన్నా ఈ సాగుడు లెక్కలోనే సందేహం ఎక్కువ.

కనుక పిల్లలారా, ప్రయోగశాలలో మీ జవాబు పుస్తకంలోని జవాబుతో కలవకపోతే రబ్బరు పెట్టి చెరిపేయకండి. మళ్ళీ కొలవండి. మళ్ళీ అదే వస్తే, అదే రాయండి.