గొంతు కావాలి, మొహం వద్దా?



ఇవాళ ఒక పాటగాడి సంగతి చెప్తా. పేరు చార్లీ ప్రైడ్. 1934లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో పుట్టిన నల్లజాతి బిడ్డ. తండ్రి పరాయి పొలాన్ని పాలికి చేశాడు, కొడుకు పత్తి ఏరాడు. రేడియోలో వింటూ కంట్రీ పాట నేర్చాడు. అది తెల్లవాళ్ల సొత్తని పేరుపడ్డ పల్లెపాట. 1966లో కంపెనీ ఆయన తొలి రికార్డుల్ని ఫొటో లేకుండా రేడియో స్టేషన్లకు పంపింది. మొహం చూస్తే పాట వెయ్యరని భయం!

1969లో ఆయన మంచి పాటలు ఏరి ‘ది బెస్ట్ ఆఫ్ చార్లీ ప్రైడ్’ వేశారు. కంట్రీ రికార్డుల్లో అదే మొదటి స్థానం కొట్టింది. ఏముంది అందులో? ప్రేమ, ఎడబాటు. అరుపుల్లేవు, లోతైన నిదానపు గొంతు. మన పక్కన కూచొని కష్టం చెప్పుకున్నట్టుంటది. అదే దాని బలం. అప్పటికి ఆయనెవరో అందరికీ తెలుసు. తెలిసే కొన్నారు.

మరి మన ఊళ్లో? జాతరకు మన డప్పు కావాలి, పాట కావాలి. బంతిలో మాత్రం మనం వద్దు. పాడినోళ్ల పేరు ఎవడూ అడగడు.

అందుకే, తమ్ముళ్లూ, మీ వాడలో పెద్దవ్వ పాటను సెల్లులో ఎక్కించండి. ముందు ఆమె పేరు చెప్పించండి. మొహం కనపడాలి.

జై భీమ్!