చెరువును కాచేది ఎవరు?

దక్కన్ పీఠభూమిలో వాన ప్రధానంగా నాలుగు నెలలే. నేల కింద గట్టి రాయి కావడంతో నీరు ఇంకేది తక్కువ, వాగుల్లో పడి పోయేది ఎక్కువ. ఈ నేల మీద బతకాలంటే వాననీటికి అడ్డుకట్ట వేయక తప్పదని ఇక్కడివారు ఏనాడో గ్రహించారు. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల వంటి పెద్ద చెరువులు వెలిశాయి. మనిషి పేరు నిలిపేవిగా పెద్దలు చెప్పిన సప్తసంతానాల్లో కొడుకు సరసన చెరువునూ చేర్చారు. కన్నవారికి బిడ్డ మీద ఉండే బాధ్యతే కట్టినవారికి చెరువు మీద ఉండాలని అందులో చదువుకోవచ్చు.

ఆ బాధ్యతకు శాస్త్రం తోడుండేది. కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు 12 అంగాలనూ, తప్పించవలసిన ఆరు దోషాలనూ వివరిస్తుంది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, రాతికట్ట, నేర్పరులైన పనివారు అంగాల్లో కొన్ని. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, నీటికి మించిన ఆయకట్టు దోషాల్లో కొన్ని.

చాలాచోట్ల చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగు వెంట కింది చెరువుకు చేరుతుంది. కట్ట కింద వరి పండుతుంది, చుట్టుపక్కల బావుల్లో ఊట నిలుస్తుంది. చేపలు పట్టేవారికి, కుండలు చేసేవారికి, పశువులకు, కొంగలకు ఆ నీరే ఆధారం.

ఇదంతా నిలవడానికి అసలు కారణం నిర్వహణ. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత నీరు పారించాలో చూసేందుకు ఊరికొక నీరటి ఉండేవాడు. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగి బుంగలు పడ్డాయేమో చూసేవాడు. పంట చేతికొచ్చాక కల్లంలో అతనికి మేర, అంటే ధాన్యంలో వాటా, కొలిచేవారు. రాయలసీమలో చెరువుల మరమ్మతు కోసం దశబంధం మాన్యాలనే ఇనాము భూములు ఇచ్చేవారు. ఎండాకాలంలో తీసిన పూడికమట్టి పొలాలకు ఎరువయ్యేది. ప్రకృతిని కాపాడటం అప్పుడు ఒకరి పేరు మీద ఉన్న పని. దానికి వేళ ఉండేది, కూలి ఉండేది.

ఆ ఏర్పాటు చెదిరాకే చెరువులు చెడ్డాయి. నీటి పెత్తనం ఊరి చేతి నుంచి జారింది. బోరుబావులు వచ్చాక చెరువుతో పనిలేదనిపించింది. పూడిక పేరుకుంది, తుమ్మలు మొలిచాయి, నగరాల చుట్టూ శిఖం భూములు, అంటే చెరువు గర్భంలోని భూములు, ప్లాట్లయ్యాయి. వాగును పూడ్చినా వాన ఆగదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో పల్లపు కాలనీలు ఎన్నో మునిగాయి. పాత నీటిదారులకు ఇళ్లు అడ్డుపడినచోట వరద ఇళ్లలోకే వస్తుంది.

దిద్దుబాటు సాధ్యమే. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ సుమారు 46 వేల చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకుంది. తీసిన ఒండ్రుమట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. అయితే ఒకసారి పూడిక తీసినంత మాత్రాన చెరువు నిలవదు. ఏటా కట్ట చూసేవారు, కాలువ బాగుచేసేవారు లేకపోతే మళ్లీ పాత కథే.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51ఎ అధికరణం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడి మెరుగుపరచడం, ప్రాణుల పట్ల దయ చూపడం ప్రతి పౌరుడి విధి అంటుంది. చదువు ముగించి వృత్తుల్లో చేరే పట్టభద్రుల విషయంలో ఆ విధి వారి పనిలోకే నడిచివస్తుంది. రోడ్డు గీసే ఇంజనీరు వాగుకు దారి వదలాలి. లేఅవుటుకు అనుమతిచ్చే అధికారి చెరువు పూర్తి నీటిమట్టం హద్దు చూశాకే సంతకం పెట్టాలి. వ్యవసాయ పట్టభద్రుడు నీటికి తగిన పంట చెప్పాలి. న్యాయవాది శిఖం భూమి రికార్డును కాపాడాలి. ఉపాధ్యాయుడు పిల్లలను ఊరి చెరువు దగ్గరకు తీసుకెళ్లి తూము, మత్తడి చూపించాలి.

నీరటి చేసిన పని నేడు ఇన్ని వృత్తుల మధ్య పంచి ఉంది. అందరి బాధ్యత అన్నది ఎవరికీ పట్టని బాధ్యత కాకుండా ఉండాలంటే, చదువుకున్న ప్రతివారూ తమ వంతును తమ పేరు మీద రాసుకుని ఏటా చేయాలి.